పెద్ద టీవీ తెచ్చాక వచ్చే తిప్పలు: పర్లాకిమిడి నుంచి

మాది పర్లాకిమిడి. ఊరు ఒడిశాలో, సినిమాలు మాత్రం తెలుగువి. ఒకప్పుడు కొత్త సినిమా కోసం శ్రీకాకుళం దాకా పోయేవాళ్లం. ఇప్పుడు మా వీధిలోనే నాలుగిళ్లలో 55 అంగుళాల టీవీలున్నాయి. ఏ ఇంట్లో బొమ్మ తేడా చేసినా ముందు నాకే కబురు. నేను మెకానిక్‌ని కాను, ఫ్యాన్సీ షాపు నడుపుకుంటాను. అయినా ఇన్నేళ్లలో ఒకటి అర్థమైంది. చాలాసార్లు స్క్రూడ్రైవర్ అక్కర్లేదు, రిమోట్ చాలు. టీవీ నిజంగా పాడైనప్పుడు మాత్రం దోషం దాదాపుగా గోడలోని కరెంటుదే.

"సినిమా కాస్తా సీరియల్‌లా కనిపిస్తోంది"

కొత్త టీవీ పెట్టిన రాత్రే మా బావ అన్న మాట ఇది. నటులు నున్నగా జారిపోతున్నట్టు, షూటింగ్ మన ముందే జరుగుతున్నట్టు ఉంటుంది. సినిమాని సెకనుకు 24 ఫ్రేముల లెక్కన తీస్తారు. టీవీ తెర సెకనుకు 60 సార్లో 120 సార్లో మారుతుంది. మధ్యలో ఖాళీ ఎందుకని టీవీ తనే కొన్ని ఫ్రేములు కల్పించి ఇరికిస్తుంది. ఆ నునుపంతా దానిదే.

పిక్చర్ సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని ఆపేయాలి. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది. ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, సామ్‌సంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ లేదా పిక్చర్ క్లారిటీ. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది పెట్టేస్తే చాలు, ఈ కల్పన ఆగిపోతుంది. మొదట్లో రంగులు కాస్త పసుపుగా అనిపిస్తాయి. రెండు రోజుల్లో కన్ను అలవాటు పడుతుంది. షాపులో పెట్టే ఆ నీలిరంగు 'వివిడ్' మోడ్ ఇంట్లో చూడటానికి కాదు, అమ్మడానికి. మా అప్పకి మాత్రం ఆ నునుపే ఇష్టం. వాళ్లింట్లో నేను వేలు పెట్టను.

"పైనా కిందా నల్ల పట్టీలు"

ఇది జబ్బు కాదు. టీవీ తెర వెడల్పు, ఎత్తుల లెక్క 16:9. చాలా సినిమాలు అంతకన్నా వెడల్పుగా, 2.39:1లో తీస్తారు. 55 అంగుళాల తెర ఎత్తు దాదాపు 27 అంగుళాలు, అలాంటి సినిమా అందులో 20 అంగుళాలే ఆక్రమిస్తుంది. మిగిలింది పైనా కిందా చెరో మూడున్నర అంగుళాల నలుపు. జూమ్ చేస్తే పక్కన నిలబడ్డవాళ్లు ఎగిరిపోతారు, సాగదీస్తే హీరోకి ముఖం వాచినట్టుంటుంది. వదిలేయండి.

"మాటలు వినపడవు, పాటొస్తే గోడలు అదురుతాయి"

టీవీ పలచబడే కొద్దీ స్పీకర్లు చిన్నవై కిందికో వెనక్కో తిరిగిపోయాయి. పైగా ఓటీటీలో సినిమా 5.1 ధ్వనితో వస్తుంది. అందులో మాటలకి మధ్య స్పీకరు వేరేగా ఉండాలి. మనింట్లో ఉన్నవి రెండే కాబట్టి, మాటలు సంగీతం కింద నలిగిపోతాయి. ముందు యాప్‌లోనే ఆడియో దగ్గర 5.1 తీసి స్టీరియో పెట్టి చూడండి. తర్వాత టీవీ సౌండ్ సెట్టింగుల్లో 'క్లియర్ వాయిస్' లాంటిది ఉంటే ఆన్ చేయండి. ఈ రెండిటితో సగం గోల తగ్గుతుంది.

మిగతా సగానికి సౌండ్‌బార్ కొనాల్సిందే. దాన్ని బ్లూటూత్‌తో కలిపితే పెదవులు ముందు కదిలి మాట వెనక వస్తుంది. 'ఏఆర్‌సీ' అని రాసి ఉన్న హెచ్‌డీఎమ్‌ఐ రంధ్రంలోనే వైరు పెట్టండి. పక్క రంధ్రంలో పెట్టి "సౌండే రావట్లేదు" అని పిలిచినవాళ్లున్నారు.

"చీకటి సీన్లలో ఏమీ కనపడదు"

ఈకో మోడ్ ఆపండి. గదిలో లైటుని బట్టి తెర వెలుగు తగ్గించే సెన్సార్ ఉంటే దాన్నీ ఆపండి. తెరకి ఎదురుగా కిటికీ ఉంటే కర్టెన్ వేయండి. హెచ్‌డీఆర్ సినిమా, అంటే వెలుగు చీకట్ల తేడా బాగా ఎక్కువగా చూపించే రకం, అయితే సంగతి వేరు. చవక టీవీలకి దాన్ని చూపించేంత వెలుగు ఉండదు, అందుకే బొమ్మ మసగ్గా దిగులుగా ఉంటుంది. సెట్టింగుల్లో హెచ్‌డీఆర్ ఆపే వీలుంటే మామూలు బొమ్మే నయం.

"సినిమా ఆగి ఆగి వస్తోంది"

నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం 4కె కి 15 ఎంబీపీఎస్, ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్ వేగం కావాలి. 4కె లో గంటకి 7 జీబీ దాకా కరిగిపోతుంది. రోజుకి 2 జీబీ ఫోను ప్యాకుతో హాట్‌స్పాట్ పెట్టి కూర్చుంటే ఇంటర్వెల్ దాకా కూడా రాదు.

సరిహద్దు ఇళ్లలో ఇంకో చిక్కుంది. మా ఇంట్లో ఫోను వీధి గదిలో ఒడిశా టవరుని, మేడ మీద ఆంధ్రా టవరుని పట్టుకుంటుంది. నడి ఇంట్లో పెడితే రెండిటి మధ్యా ఊగుతుంది. హాట్‌స్పాటే గతి అయితే ఫోన్ని ఏదో ఒక కిటికీ దగ్గర కదలకుండా ఉంచండి. బ్రాడ్‌బ్యాండ్ ఉన్నవాళ్లు టీవీని రౌటరు 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కలపాలి. మధ్యలో రెండు గోడలుంటే అది నీరసపడుతుంది, అప్పుడు నేరుగా లాన్ వైరు వేసేయడమే మేలు.

పెన్‌డ్రైవ్ గొడవలు

4 జీబీ దాటిన ఫైలు ఎక్కకపోతే ఆ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉందన్నమాట. కంప్యూటర్లో ఫార్మాట్ చేసి ఎక్స్‌ఫ్యాట్‌లోకో ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోకో మార్చండి. లోపలున్నవి చెరిగిపోతాయి, ముందే వేరేచోట దాచుకోండి. తెలుగు సబ్‌టైటిల్స్ డబ్బాలు డబ్బాలుగా వస్తే ఆ ఫైలుని కంప్యూటర్లో నోట్‌ప్యాడ్‌తో తెరిచి యూటీఎఫ్-8గా సేవ్ చేసి చూడండి.

"మాట వస్తోంది, బొమ్మ లేదు"

గదిలో లైటు ఆర్పి, టార్చి తెరకి దగ్గరగా ఏటవాలుగా వేయండి. లోపల బొమ్మ లీలగా కదులుతుంటే ప్యానెల్ బతికే ఉంది. వెనకనుంచి వెలిగించే ఎల్‌ఈడీ పట్టీలే పోయాయి. ప్యానెల్ మార్చడమంటే దాదాపు కొత్త టీవీ కొన్నట్టే, పట్టీల ఖర్చు దానితో పోలిస్తే చాలా తక్కువ. ఈ తేడా తెలియకపోతే మెకానిక్ చెప్పిందే వేదం అవుతుంది. వెనక మూత మాత్రం మీరు విప్పకండి, ప్లగ్గు తీసేశాక కూడా కెపాసిటర్లలో కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది. బ్యాక్‌లైట్ ఎప్పుడూ వందలో పెట్టి వాడితే ఆ పట్టీలు త్వరగా పోతాయి, రాత్రిపూట సినిమాకి అందులో సగం సరిపోతుంది.

"గాలివాన తర్వాత టీవీ ఆన్ కావట్లేదు"

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లాని ఊడ్చేసింది. మా పాత టీవీ గాలికి పోలేదు, వానకి తడవలేదు. కరెంటు తిరిగి వచ్చిన రోజున పోయింది.

అప్పటిదాకా నేనూ లో వోల్టేజీకే భయపడేవాణ్ణి. ఈ కాలపు టీవీ వెనక స్టిక్కరు చూడండి, చాలావాటి మీద 100 నుంచి 240 వోల్టులని ఉంటుంది. తక్కువ వోల్టేజీని అది భరిస్తుంది. చంపేది ఎక్కువ వోల్టేజీ. చెట్టుకొమ్మ పడి స్తంభం మీద న్యూట్రల్ తీగ తెగితే, 230 రావాల్సిన కొన్ని ఇళ్లకి 400 దగ్గర దాకా ఎగబాకుతుంది. బల్బు ఉన్నట్టుండి తెల్లగా మండినట్టు వెలిగినా, ఫ్యాను పిచ్చిగా తిరిగినా అదే గుర్తు. వెంటనే మెయిన్ ఆపేయాలి. స్పైక్‌గార్డు ఒక్క క్షణపు దెబ్బని ఆపుతుందేమో గానీ ఇలాంటి దాన్ని ఆపలేదు, అదే మాడిపోతుంది. వోల్టేజీ హద్దు దాటగానే సప్లై కట్ చేసి, కుదుటపడ్డాక కాస్త ఆగి ఇచ్చే స్టెబిలైజర్ కొనండి. టీవీ ధరలో అదెంత!

పిడుగు సంగతి వేరు, దానికి స్టెబిలైజర్ అడ్డం కాదు. ఉరుము వినపడగానే ప్లగ్గు తీస్తారు, బాగానే ఉంది. డిష్ వైరు మాత్రం అలాగే వదిలేస్తారు. మేడ మీద గొడుగు నుంచి సెట్‌టాప్ బాక్సులోకి, అక్కణ్ణించి హెచ్‌డీఎమ్‌ఐ ద్వారా టీవీలోకి ఆ దెబ్బ దిగుతుంది. ప్లగ్గు, డిష్ వైరు, లాన్ వైరు, మూడూ తీయాలి.

ఇంకొక్క చిన్న పరీక్ష. డిష్ వైరు పిన్ను ముట్టుకుంటే వేలు జిల్లుమంటోందా? మీ ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేదన్నమాట. పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉంటుంది గానీ వెనక తీగ ఉండదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి, మీరు గెలకొద్దు.

"కొన్నది ఆంధ్రాలో, ఇల్లు ఒడిశాలో"

వారంటీ దేశమంతా ఉన్నా, కాల్ సెంటర్ వాళ్లు పిన్‌కోడ్ బట్టి మనిషిని పంపుతారు. బిల్లు మీద శ్రీకాకుళం చుట్టాల అడ్రసు రాయిస్తే మెకానిక్ అక్కడికే పోతాడు. 76తో మొదలయ్యే మన పిన్‌కోడే రాయించండి. టీవీ వెనక స్టిక్కరు మీద మోడల్, సీరియల్ నంబర్లుంటాయి, గోడకి బిగించకముందే ఫోటో తీసుకోండి. చచ్చిన టీవీ మెనూలో ఆ నంబరు చూపించదు కదా. మా బావ టీవీకి ఆ నంబరు కోసం, కాల్ సెంటర్ అమ్మాయి ఫోన్లో లైన్ మీద ఉండగా, ఇద్దరం చెరోవైపూ పట్టుకుని టీవీని గోడ మీంచి దించాం.