ఇసుక రీచ్‌కు (ఏట్లో ఇసుక తవ్వే చోటుకు) వార్త కోసం వెళ్లే ముందు

తాడిపత్రి దిక్కు పెన్నలో ఇసుక తవ్వకాల మీద వార్తకు పోతున్నావా చెల్లెమ్మా? ముందు ఇవి చూసుకో.

• గనుల శాఖకు సమాచార హక్కు దరఖాస్తు ముందే పెట్టు. ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ఎంత లోతుకు అనుమతి ఉందో కాగితం చేతిలో ఉంటే ఏటి గట్టున వాదించే పనుండదు.

• ఏ దారిలో వెళ్తున్నావో, ఎప్పటికి వస్తావో ఆఫీసు న్యూస్ డెస్కులో ఒకరికి, ఇంట్లో ఒకరికి చెప్పు. ఆ టైముకు నీ ఫోను రాకపోతే ఎవరికి చెయ్యాలో కూడా చెప్పు. చాలామంది మరిచేది ఇదే.

• ఫొటోలు ఫోనులోనే దాచుకోవద్దు. ఒకసారి నా ఫోను లాక్కున్నారు, నాలుగు రోజుల పని పోయింది. ఇప్పుడు తీసినవి తీసినట్టే డెస్కుకు పంపేస్తా. సిగ్నల్ లేకపోతే ట్రాక్టర్ నంబరు, టైము చిన్న నోటుబుక్కులో రాసి నడుముకు దోపుకుంటా.

• 112 (పోలీసు, అత్యవసర సాయం), 181 (మహిళల హెల్ప్‌లైన్) నంబర్లు దగ్గర పెట్టుకో.

• మాట్లాడిన కూలీ పేరు, ఊరు రాయొద్దు. నువ్వు సాయంత్రానికి అనంతపురం వచ్చేస్తావు, ఆయన అక్కడే బతకాలి.

• బెదిరిస్తే ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇచ్చి జీరో ఎఫ్‌ఐఆర్ (ఆ చోటు వాళ్ల పరిధి కాకపోయినా రాసుకునే కేసు) పెట్టించొచ్చు.

• ఆడపిల్లకు మైనింగ్ బీట్ (గనుల వార్తలు రాసే పని) ఎందుకంటారు. బీట్ వదలొద్దు, ఆఫీసు కారు అడుగు.