పాత క్విల్టింగ్ ఫ్రేమ్: నడుమ వదులు ఎలా పోయిందంటే

ఒహాయోలో గరాజ్ సేల్‌లో కొన్న చెక్క ఫ్రేమ్, బొంత కుట్టేటప్పుడు గుడ్డను బిగించి పట్టేది. రెండు పొడవాటి కర్రలు, చివర పళ్లచక్రాలు. ఎంత తిప్పినా బొంత అంచులు బిగిసేవి, నడుమ మాత్రం జోలెలా వేలాడేది. దూదిపొర మార్చాను, టాకాలు మళ్లీ వేశాను, చక్రాన్ని ఇంకో పన్ను బిగించాను, లాభం లేదు.

తప్పంతా కర్రలకు కొట్టిన పాత గుడ్డపట్టీది, మేకులు వంకరగా ఉన్నాయి. అన్నీ పీకి, కర్ర పొడవునా దారం లాగి పెన్సిల్ గీత గీశాను. మందపాటి నూలుగుడ్డను కత్తిరించకుండా చించాను, పోగు వెంట తిన్నగా వస్తుంది. ఆ కొత్త పట్టీని గీత వెంట పెట్టి, కర్ర మధ్యలో మొదటి పిన్ను కొట్టి, తర్వాత ఎడమకొకటి, కుడికొకటి. బొంత అడుగుగుడ్డనూ మధ్య నుంచే పట్టీకి కుట్టాను. చివర్లో చక్రాన్ని ఒక పన్ను వదులు చేశాను: కింద నుంచి వేలితో నొక్కితే గుడ్డ కాస్త లేవాలి, అప్పుడే సూది ఆడుతుంది.

కర్రే వంగి ఉంటే ఇది పనిచేయకపోవచ్చు. కొనేముందు చదును నేల మీద ఆనించి, అన్ని వైపులా తిప్పి చూడండి.