షేక్‌స్పియర్ నాటకం మాక్‌బెత్‌ను సినిమా స్క్రిప్టుగా మార్చాలంటే

ముందు డైలాగులన్నీ పక్కన పెట్టి, ఎవరికి ఏం కావాలి, దానికోసం ఏం చేశారు అన్నది ఒక్క పేజీలో రాసుకోండి. నాటకంలో మాక్‌బెత్ చేసే డంకన్ రాజు హత్య తెర వెనకే జరుగుతుంది, మనకు కనిపించేది రక్తం అంటిన చేతులు, వినిపించేది తలుపు తట్టే చప్పుడు. కెమెరా ఉంది కదా అని కత్తిపోటు చూపించకండి, అసలు భయం ఆ చప్పుడులోనే ఉంది. ఈ నాటకం ఆధారంగా తీసిన 2003 నాటి హిందీ సినిమా ‘మక్బూల్’లో మంత్రగత్తెల బదులు ఇద్దరు పోలీసులు జోస్యం చెబుతారు, మార్పు అలా కథలో కలిసిపోవాలి. చెన్నై వడపళనిలోని గదిలో కూర్చుని మేమైతే కథను కాసిమేడు చేపల రేవుకు తెచ్చి, స్వగతాలన్నీ కొట్టేసి, నిద్రపట్టని మనిషి తెల్లవారుజామున పడవల మధ్య తిరగడం రాశాం. లేడీ మాక్‌బెత్ నిద్రలో నడిచే సీను మాత్రం దయచేసి తీసేయొద్దు.