సీనియర్ ఫోక్ రాక్ జోడీతో కళాకేంద్రం కోసం బెనిఫిట్ కన్సర్ట్ ఎలా పెట్టాలి?

అట్లాంటా చుట్టుపక్కల ఉండే మనవాళ్ళకి పిల్లల కూచిపూడి క్లాసు ఏ ఇంటి బేస్‌మెంట్‌లో జరుగుతుందో బాగా తెలుసు, కానీ పాత స్కూలు బిల్డింగులో నడిచే కమ్యూనిటీ ఆర్ట్స్ సెంటర్ సంగతి అంతగా తెలియదు. మట్టిపని, బొమ్మలు గీయడం, పెద్దవాళ్ళకి గిటార్, అన్నీ తక్కువ ఫీజుకే నేర్పుతారు. మా అమ్మాయి అలాంటి చోటే కుమ్మరి చక్రం తిప్పడం నేర్చుకుంది. ఒక ఏడాది అక్కడ మట్టి కాల్చే కరెంటు బట్టీ పాడైపోయింది, పిల్లలు చేసిన గిన్నెలు పచ్చివి పచ్చిగానే అల్మరాలో నెలల తరబడి ఉండిపోయాయి, ముట్టుకుంటే అంచులు రాలిపోయేవి. కొత్త బట్టీకి డబ్బు పోగుచెయ్యడానికి మేం నలుగురం కలిసి, ఫోక్ రాక్ (జానపద బాణీకి రాక్ కలిపిన సంగీతం) చాలా ఏళ్ళుగా పాడుతున్న ఒక లోకల్ జోడీతో కన్సర్ట్ పెట్టాం. అప్పుడు నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు డబ్బు దేనికో తేల్చుకోండి. "కళల కోసం" అంటే ఎవరూ జేబులో చెయ్యి పెట్టరు. "బట్టీ కోసం, ఇంత కావాలి" అంటే పెడతారు. పాడేవాళ్ళు కూడా మొదట అడిగేది అదే. ఇండిగో గర్ల్స్ అనే ఫోక్ రాక్ జోడీనే తీసుకోండి, అమీ రే, ఎమిలీ సాలియర్స్. జార్జియాలో స్కూలు రోజుల నుంచీ స్నేహితులు, 1985 నుంచి ఇదే పేరుతో పాడుతున్నారు, 1990లో గ్రామీ కూడా వచ్చింది. 1993లో ఆదివాసీ ఉద్యమకారిణి వినోనా లడ్యూక్‌తో కలిసి ఆనర్ ది ఎర్త్ అనే సంస్థ పెట్టి, అమెరికా ఆదివాసీల పర్యావరణ పోరాటాలకి డబ్బు పోగుచెయ్యడానికి ఊరూరా కచేరీలు చేశారు. ఇంత అనుభవం ఉన్నవాళ్ళకి మీ ఉత్తరంలో రెండో లైను చదివేసరికి మీ దగ్గర లెక్క ఉందో లేదో అర్థమైపోతుంది.

తర్వాత కాగితాలు. ఇది బోరు కొట్టే పనే, కానీ దీన్ని వెనక్కి నెట్టొద్దు. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో, సితార్ విద్వాంసుడు రవిశంకర్ అడిగారని బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్ బంగ్లాదేశ్ శరణార్థుల కోసం ఒకే రోజు రెండు కచేరీలు పెట్టారు. టికెట్ల మీద దాదాపు 2,43,000 డాలర్లు వచ్చి యూనిసెఫ్‌కి వెళ్ళాయి. ఆ తర్వాత రికార్డు, సినిమా మీద వచ్చిన డబ్బు మాత్రం ఏళ్ళ తరబడి టాక్సు గొడవలో ఇరుక్కుపోయింది, ఎందుకంటే చారిటీగా పన్ను మినహాయింపుకి ముందే అప్లై చెయ్యలేదు. అంత పెద్దవాళ్ళకే అలా అయింది. కాబట్టి మీ సెంటర్‌కి 501(సి)(3) హోదా, అంటే చారిటీగా పన్ను మినహాయింపు, ఉందో లేదో మొదటి మీటింగులోనే కనుక్కోండి. డబ్బంతా సెంటర్ పేరున ఉన్న అకౌంట్‌లోకే రావాలి, మీ సొంత అకౌంట్‌లోకి ఒక్క డాలర్ కూడా రానివ్వొద్దు.

ఇక జోడీని అడగడం. ఫేస్‌బుక్‌లో మెసేజ్ పెట్టో, షో అయ్యాక బ్యాక్‌స్టేజ్ దగ్గర పట్టుకునో అడక్కండి, పాపం వాళ్ళకీ ఇబ్బంది. వాళ్ళ వెబ్‌సైట్‌లో బుకింగ్ ఏజెంట్ వివరాలు ఉంటాయి, కనీసం ఆరు నెలల ముందు, కుదిరితే ఏడాది ముందు రాయండి. తేదీ, హాలు సైజు, డబ్బు ఎక్కడికి వెళ్తుంది, మీరు ఎంత ఇవ్వగలరు, ఈ నాలుగూ ఒక పేజీలో పట్టాలి. ఫీజు వదులుకుంటే వాళ్ళ పెద్ద మనసు, కానీ ప్రయాణం, హోటల్, వాళ్ళతో వచ్చే సౌండ్ మనిషి కూలి మీరే పెట్టుకోవాలి. "మంచి పనికే కదా" అని ఫ్రీగా రమ్మనడం నాకు అస్సలు నచ్చదు. పాట వాళ్ళ బతుకుతెరువు. ఇంకో సంగతి, పేరున్నవాళ్ళ కాంట్రాక్టుల్లో తరచూ ఒక షరతు ఉంటుంది, ఫలానా షోకి ముందూ వెనకా ఇన్ని రోజులు, ఇన్ని మైళ్ళ లోపు ఇంకో టికెట్ షో చెయ్యకూడదని. తేదీ ఖాయం చేసే ముందే ఏజెంట్‌ని అది అడగండి.

ఇప్పుడు అసలు విషయం, బడ్జెట్. ఉదాహరణకి 280 సీట్ల హాలు, టికెట్ 50 డాలర్లు అనుకుందాం. నిండితే 14,000. హాలు అద్దె 1,800, సౌండ్ 2,200, ఇన్సూరెన్స్ 300, ప్రయాణం హోటల్ 2,500, పోస్టర్లు తిండి 700, మొత్తం 7,500 ఖర్చు. మిగిలేది 6,500. బాగానే ఉంది కదా? కానీ హాలు 70 శాతమే నిండితే 196 టికెట్లు, అంటే 9,800 వస్తుంది, ఖర్చు పోను చేతిలో 2,300. మూడు నెలల చాకిరీకి అంతే. అందుకే టికెట్లు అమ్మకానికి పెట్టకముందే ఆ 7,500 స్పాన్సర్ల దగ్గర రాబట్టండి. ఊళ్ళో డెంటిస్టు, రియల్టర్, మన ఇండియన్ గ్రోసరీ షాపు, ఎవరినైనా అడగొచ్చు, "హాలు అద్దె మీ పేరున" అంటే ఒప్పుకునేవాళ్ళు ఉంటారు. ఖర్చు అలా ముందే తీరిపోతే పోస్టర్ మీద "మీ టికెట్ డబ్బు మొత్తం బట్టీకే" అని ధైర్యంగా రాసుకోవచ్చు. మాకు టికెట్లు అమ్ముడుపోయింది ఆ ఒక్క లైను వల్లే అని నా నమ్మకం.

టికెట్ మీద టాక్సు మినహాయింపు గురించి కూడా నిజం చెప్పండి. 100 డాలర్ల టికెట్‌లో షో మామూలు విలువ 40 అయితే, మినహాయింపు వచ్చేది 60కే. ఎవరైనా 75 డాలర్లు దాటి కట్టి, బదులుగా సీటు తీసుకుంటే, ఈ లెక్క రాతపూర్వకంగా ఇవ్వడం సెంటర్ బాధ్యత.

పాటల హక్కుల సంగతి చాలామంది మర్చిపోతారు. హాలువాళ్ళకి, పాటల హక్కుదారుల తరఫున ఫీజు వసూలు చేసే ఆస్కాప్, బీఎమ్ఐ లాంటి సంస్థల లైసెన్సులు ఉన్నాయేమో అడగండి, సాధారణంగా ఉంటాయి. లేకపోతే, పాడేవాళ్ళూ నిర్వాహకులూ ఎవరూ ఫీజు తీసుకోకుండా, ఖర్చులు పోను మిగిలిందంతా చారిటీకే వెళ్తే, పాట హక్కుదారు అభ్యంతరం చెప్పనంతవరకు లైసెన్సు అక్కర్లేకుండా అమెరికా కాపీరైట్ చట్టంలో ఒక మినహాయింపు ఉంది. జోడీకి ఫీజు ఇచ్చారా, అది వర్తించదు.

సౌండ్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. మేం చేసిన తప్పు ఇదే, తెలిసినవాళ్ళు ఇచ్చిన స్పీకర్లతో కానిచ్చేద్దాం అనుకున్నాం. ఇద్దరే కదా, రెండు గిటార్లే కదా అనిపిస్తుంది. అకూస్టిక్ గిటార్ లోపల బోలుగా ఉంటుంది, పాడేవాళ్ళకి వాళ్ళ పాట వినపడటానికి ఎదురుగా పెట్టే మానిటర్ స్పీకర్ శబ్దానికి ఆ చెక్క అదిరి, ఆ అదురు మళ్ళీ పికప్‌లోకి (గిటార్ శబ్దాన్ని పట్టే పరికరం), అక్కణ్ణుంచి మళ్ళీ స్పీకర్లోకి వెళ్ళి బొయ్యిమని ఊళపెడుతుంది. మా షోలో రెండో పాటకే మొదలైంది. జోడీలో గిటార్ వాయిస్తున్న ఆవిడ చేత్తో తీగలు అదిమి పట్టి, పాట ఆపకుండా గొంతుతోనే చరణం పూర్తి చేసింది, హాలంతా ఊపిరి బిగబట్టింది. మంచి సౌండ్ ఇంజినీరు అయితే ఏ ఫ్రీక్వెన్సీ మోగుతోందో సౌండ్ చెక్‌లోనే పట్టుకుని తగ్గించేస్తాడు, గిటార్ మధ్య రంధ్రానికి రబ్బరు మూత పెట్టమంటాడు. జోడీ పంపే ఇన్‌పుట్ లిస్టు (ఏ వాయిద్యాలు, ఎన్ని మైకులు అనే జాబితా) నెల ముందే ఇంజినీరుకి ఇవ్వండి, ఎందుకంటే ఈ రకం సంగీతంలో మధ్యలో మాండొలిన్, బాంజో, వేరే శ్రుతిలో ఇంకో గిటార్ మారుస్తుంటారు, ప్రతిదానికీ లైను కావాలి. సౌండ్ చెక్‌కి రెండు గంటలు ఉంచండి. రెండు గొంతులూ సమానంగా వినపడాలి, ఒకటి పైన ఒకటి కింద అయితే హార్మనీ కాస్తా మెయిన్ సింగర్, కోరస్ లాగా అయిపోతుంది.

షో రోజు మొదటి పదిహేను నిమిషాలు సెంటర్ పిల్లలకి ఇవ్వండి. మన సంఘాల ఫంక్షన్ల అలవాటుతో జ్యోతి, శాలువాలు, ఒక్కొక్కరికీ మైకు పెట్టకండి. విరాళం అడిగే మాట మూడు నిమిషాలు దాటకూడదు, చివరి రెండు పాటలకి ముందు, కమిటీవాళ్ళు కాదు, అక్కడ నేర్చుకునే మనిషే అడగాలి. మా దగ్గర డెబ్బై దాటిన ఒకావిడ తను చేసిన పచ్చి మట్టి గిన్నె స్టేజి మీదకి తెచ్చి, "దీన్ని కాల్చడానికి చోటు లేదు" అని మాత్రం చెప్పి దిగిపోయింది. బయట టేబుల్ మీద పెట్టిన క్యూఆర్ కోడ్ దగ్గర లైను పార్కింగ్ దాకా వచ్చింది.

అయ్యాక నెల లోపు లెక్కలు ప్రకటించండి. వచ్చిందెంత, ఖర్చెంత, మిగిలిందెంత, ఒక పేజీ చాలు. స్పాన్సర్లకి, వాలంటీర్లకి, జోడీకి అదే పేజీ పంపండి. మేం పంపిన కవర్లో కొత్త బట్టీలోంచి తీసిన మొదటి గిన్నె ఫోటో కూడా పెట్టాం, స్టేజి మీదకి గిన్నె తెచ్చిన ఆవిడదే, నీలం గ్లేజు (మెరిసే పూత) వేసింది.