కారవాన్ ఊగడం ఎలా తగ్గిందంటే

మదనపల్లె వెళ్దామని బెంగళూరు నుంచి బయలుదేరాం. హొస్కోటె దాటి 70 వేగం అందుకోగానే కారు వెనక తగిలించి లాగుతున్న కారవాన్ (చక్రాల మీది చిన్న ఇల్లు) అటూ ఇటూ ఊగడం మొదలైంది. స్టీరింగ్ చేతిలో వణుకుతోంది, పిల్లలు వెనక సీట్లో ఉన్నారు. బ్రేక్ తొక్కకుండా యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తీసి, పక్కకు ఆపి, తిరిగి ఇంటికొచ్చేశాం.

మర్నాడు సామానంతా అలాగే ఉంచి, చదును నేల మీద చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాను. ఇంట్లో బరువు చూసుకునే మెషిన్ మీద చెక్క దుంగ నిలబెట్టి, కారవాన్‌ను కారు హుక్కుకు తగిలించే ముందు కొనను, అంటే కప్లింగ్‌ను, దాని మీద ఆనించాను. హుక్కు మీద ఎంత బరువు పడుతోందో ఇలా తెలుస్తుంది. కారు హుక్కు ఎంత ఎత్తులో ఉందో, కప్లింగ్ కూడా అంతే ఎత్తులో ఉండాలి. ముందున్న చిన్న చక్రం పూర్తిగా పైకి లేపేయాలి, లేకపోతే కొంత బరువు అదే మోస్తుంది.

మెషిన్ చూపించింది 28 కిలోలు! నిండు కారవాన్ బరువు 800. అందులో 5 నుంచి 7 శాతం, అంటే 40–56 కిలోలు హుక్కు మీద పడాలి. తగ్గితే కారవాన్ ఊగుతుంది. టో బార్ (కారు వెనక హుక్కు ఉండే కడ్డీ) మీద రాసిన పరిమితి మాత్రం ఎప్పుడూ దాటకూడదు.

తప్పు నాదే. రెండు 20 లీటర్ల నీళ్ల క్యాన్లు వెనక గోడకు ఆనించి పెట్టాను. వాటిని ఇరుసుకు కాస్త ముందుకు జరిపి కదలకుండా కట్టేశాను. మళ్లీ తూస్తే 51. ఆదివారం అదే రోడ్డు మీద, అదే వేగంలో కారవాన్ ఊగకుండా తిన్నగా వచ్చింది.