ఒకే కుండీలో గుంపుగా లేచిన టమాటా నారును విడదీసి నాటడం ఎలా?

ప్యాకెట్లోని విత్తనాలన్నీ ఒకే కుండీలో చల్లేస్తాం. నారు ఒత్తుగా లేస్తుంది. దాన్ని పట్టుకుని పీకి నాటి, సగం చచ్చిపోయాక విత్తనాలు మంచివి కావని తేల్చేస్తారు. చాలా మిద్దె తోటల్లో ఇదే చూస్తున్నాను. తప్పంతా పీకడంలోనే ఉంది.

అడుగున చిల్లు పెట్టిన పేపర్ గ్లాసులు, వెడల్పు గిన్నెలో నీళ్లు, ఒక పెన్సిల్ చాలు. గ్లాసుల్లో మట్టి, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), వర్మీకంపోస్టు సమంగా కలిపి నింపండి. యూరియా వేయొద్దు.

మొదట విచ్చుకునేవి విత్తనంలోని బీజదళాలు. వాటి పైన అంచులు చీలిన అసలు ఆకులు రెండైనా వచ్చేదాకా ఆగండి. పని సాయంత్రమే చేయాలి, పొద్దున వద్దు. గంట ముందు కుండీని తడపండి.

ఇక అసలు కష్టం ఇక్కడే. కుండీని వంచి, అంచులు తట్టి, మట్టిగడ్డను మొత్తంగా బయటికి తీసి నీళ్లలో ఉంచండి. కాసేపటికి మట్టి కరిగి వేర్లు వదులవుతాయి. అప్పుడు ఒక్కో మొక్కనూ ఆకు పట్టుకుని మెల్లగా పక్కకు జరపండి. కాండాన్ని మాత్రం ముట్టుకోవద్దు. ఆకు చిరిగితే ఇంకోటి వస్తుంది. కాండం నలిగితే వేరు నుంచి నీళ్లు పైకి ఎక్కవు. నలిగినట్టు ఆ పూట కనిపించదు కూడా, తర్వాత మొక్క వాలిపోతుంది.

వేర్ల మీది సన్నని నూగు గాలికి ఇట్టే ఎండిపోతుంది. నీళ్లు తాగేది ఆ నూగే. అందుకే అన్నీ తీసి పేపర్ మీద పరవకండి, ఒకటి తీసి ఒకటి నాటండి. రెండు మొక్కల వేర్లు ఎంతకీ విడకపోతే, బలహీనమైనదాన్ని కత్తెరతో మొదలు దగ్గర కోసేయండి. జాలిపడి లాగితే రెండూ పోతాయి.

కొందరు చాకుతో మట్టిని బర్ఫీ ముక్కల్లా కోసి నాటేస్తారు. వేర్లు తెగుతాయి, ముక్కకు మూడేసి మొక్కలు మిగులుతాయి. మళ్లీ మొదటికే!

పెన్సిల్‌తో గుంత చేసి, టమాటాను బీజదళాల దాకా లోతుగా దించండి. పాతిన కాండానికీ వేర్లు వస్తాయి. మిరప, వంగ నారును మాత్రం ముందున్న లోతులోనే పెట్టాలి. మట్టిని అదమకుండా నీళ్లు చిలకరించండి.

మూడు నాలుగు రోజులు నీడలో ఉంచి, తర్వాత పొద్దుటి ఎండకు అలవాటు చేయండి. తలలు వాల్చాయని టెన్షన్ పడి నీళ్లు గుమ్మరిస్తే నారుకుళ్లు వస్తుంది. పైమట్టి ఆరితేనే పోయండి.

బీర, సొర, దోసలకు ఈ పద్ధతి వద్దు. వాటి వేర్లు కదిలిస్తే ఓర్చుకోవు, నేరుగా పెద్ద కుండీలోనే విత్తండి.