బీచ్ ఇసుక వదలాలంటే

రుషికొండలో కాళ్లు తడుపుకుని, అటు నుంచి కైలాసగిరి ఎక్కేవాళ్లకి ఇసుకతోనే పెద్ద తలనొప్పి. నీళ్లతో కడిగితే చెప్పుల్లోకి చేరి మళ్లీ అంటుకుంటుంది. సీట్ల కింద పడితే దులపలేక చావాలి.

ఈసారి ఒక పాత కాటన్ సాక్సులో నాలుగు చెంచాల టాల్కం పౌడరు పోసి, మూతి ముడేసి బ్యాగులో పడేశాను. నీళ్లలోంచి వచ్చాక ముందు కాళ్లు పొడి తువ్వాలుతో అద్ది, ముంత మసాలా తినేంతసేపు ఆరనిచ్చాం. తర్వాత ఆ సాక్సుతో పాదాలు, పిక్కలు, వేళ్ల సందులు తట్టి, అరచేత్తో కిందికి తోస్తే ఇసుక జలజలా రాలిపోయింది. చెప్పులు మాత్రం విడిగా దులపాలి. నలుగురికి ఆ నాలుగు చెంచాలు సరిపోయాయి, ఇంకా మిగిలింది కూడా.

కాళ్లు తడిగా ఉన్నప్పుడు మాత్రం పనిచేయదు. పౌడరు ముద్దయి ఇసుకతో కలిసి ఇంకా అంటుకుంటుంది. విశాఖ ఉక్కపోత తెలిసిందేగా, ఆరడానికి కాస్త ఎక్కువ సమయమే ఇవ్వండి. చంటిపిల్లల ముఖం దగ్గర దులపకండి, పొడి ముక్కులోకి పోతుంది.